నీళ్లద్దాల చాచా

పోయిన నెల పళ్ల డాక్టరు దగ్గర వంతు కోసం కూర్చుని, అక్కడ పడున్న పాత వారపత్రిక తిరగేస్తుంటే ఒక ఫోటో దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఎక్కడో ఆఫ్రికాలో ఒక ముసలాయన గుండ్రటి కళ్లజోడు పెట్టుకుని నవ్వుతున్నాడు. ఆ కళ్లజోడుకు రెండు పక్కలా చిన్న సిరంజిల్లాంటివి, వాటికి తిప్పే చక్రాలు ఉన్నాయి. అద్దాల లోపల ద్రవం ఉంటుందనీ, చక్రం తిప్పితే అది ఎక్కువో తక్కువో అయి అద్దం వంపు మారుతుందనీ, ఎవరి చూపు వాళ్లే సరిచేసుకోవచ్చనీ కింద రాశారు. విదేశంలో ఎవరో ప్రొఫెసరు కనిపెట్టాడట.

నా పేరు పిలిచారు. రెండోసారి పిలిచాక గానీ నాకు వినపడలేదు.

అట్లాంటి కళ్లజోడును నేను డెబ్బైల చివర్లోనే చూశాను, హనుమకొండలో, మా కాలేజీ ఫిజిక్స్ ల్యాబు వెనక వరండాలో. చేసినాయన ప్రొఫెసరు కాదు, ల్యాబు అటెండరు. స్టూడెంట్ల నుంచి ప్రిన్సిపాలు దాకా అందరం ఆయన్ని చాచా అనేవాళ్లం.

నేను ఆ కాలేజీలో డిమాన్‌స్ట్రేటరుగా చేరేనాటికి నాకు ఇరవై మూడేళ్లు. ఆయనకు యాభై దాటి ఉంటాయి. సుబేదారిలో మా ఇంటి నుంచి నడిచే వెళ్లేదాన్ని. మొదటి రోజు ల్యాబులో అడుగు పెట్టగానే చాచా నమస్తే పెట్టి, నా ముఖంకేసి కాకుండా కళ్లకేసి చూశాడు. ముందు ఒక కన్ను, తర్వాత ఇంకో కన్ను. నాకు చిరాకేసింది.

"ఎడమ కన్ను జర వీకున్నట్టుంది మేడం," అన్నాడు. "గడియారం చూసేటప్పుడు తల పక్కకు తిప్పుతాండ్రు."

నిజమే. ఆ సంగతి మా అమ్మకు కూడా తెలియదు.

ఆయన అందరినీ అట్లాగే చూసేవాడు. పోస్టుమ్యాను ఉత్తరాన్ని ఎంత దూరంలో పట్టుకుంటున్నాడు, టీ తెచ్చేవాడు మెట్టు దిగేముందు కాలితో తడుముతున్నాడా లేదా, ఇవే ఆయనకు కావాలి. మనుషుల పేర్లు గుర్తుండేవి కావు. "గా పేపరు ముక్కుకానించి చదివే సారు" అనో, "కండ్లు చిట్లిచ్చే పంతులమ్మ" అనో చెప్పేవాడు. గ్లిజరిన్ చుక్కలు పడీ పడీ ఆయన చొక్కా జేబు నూనె అంటిన కాగితంలా అయ్యేది. లోపలున్న స్క్రూడ్రైవరు, దారపు ఉండ, సైకిల్ వాల్‌ట్యూబు ముక్కలు బయటికే కనిపించేవి.

ఆ పిచ్చి ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారే చెప్పాడు, అదీ నేను అడిగితే. వాళ్ల నాయన టోపీల మీద దారంతో పువ్వులు కుట్టేవాడట. నలభై అయిదు దాటాక సూది కనిపించక పని మానేశాడు. అప్పట్లో వాళ్లింట్లో అద్దాలు కొనుక్కోవచ్చన్న సంగతే ఎవరికీ తోచలేదు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు బతికాడు.

"చేతులు మంచిగనే ఉండె మేడం. ఒక్క వేలు వణకలే. కండ్లు లేక చేతులు ఊకె కూసున్నయి. ఒళ్లో పెట్టుకోని వాటినే చూసుకుంటుండె."

ఈ అద్దాల ఆలోచన మా ల్యాబులోనే పుట్టింది. ఇంటర్ పిల్లలకు ఒక ప్రయోగం ఉండేది. అద్దం మీద కుంభాకార కటకం పెట్టి, రెండింటి మధ్య నాలుగు చుక్కల నీళ్లు పోస్తే కటకం నాభ్యంతరం మారిపోతుంది. చాచా ఇరవై ఏళ్లుగా ఏటా ఆ ప్రయోగానికి సామాను సర్దుతున్నాడు. "నాలుగు చుక్కల నీళ్లకే కటకం మారుతాంటే, గా నీళ్లను మనం చెప్పినట్టు వినేటట్టు చెయ్యలేమా" అన్నది ఆయన ప్రశ్న. లెక్చరర్లు నవ్వి ఊరుకున్నారు. నేను కొత్తదాన్ని. లెక్కలు కట్టి చూశాను. చెయ్యొచ్చు.

రెండు ఇత్తడి రింగుల మధ్య వెనకవైపు గాజు, ముందువైపు పల్చటి ప్లాస్టిక్ రేకు, మధ్యలో గ్లిజరిన్. రింగుకు చిన్న రంధ్రం, దానికి వాల్‌ట్యూబు, ట్యూబు చివర ఇంజక్షన్ల గాజు సిరంజి. సిరంజి నొక్కితే రేకు బయటికి ఉబ్బి, దగ్గరి వస్తువులు తేటపడేవి. వెనక్కి లాగితే రేకు లోపలికి కుంగి, దూరానివి తేటపడేవి. చూపు కుదిరాక ట్యూబును మడిచి దారంతో బిగించి, పైన లక్క పోసి మూసి, సిరంజి తీసేసేవాడు. చూడటానికి ఏమీ బాగుండేవి కావు. అంచుల దగ్గర గోడలు వంగినట్టు కనిపించేవి. కానీ పనిచేసేవి.

ప్లాస్టిక్ రేకు కోసం ఆయన చాలా తిప్పలు పడ్డాడు. చివరికి దవాఖానలో పారేసే ఎక్స్‌రే ఫిల్ములు నిలబడ్డాయి. వాటిని తెచ్చి సోడా కలిపిన వేడినీళ్ల బకెట్లో వేసేవాడు. నల్లటి పొర జారిపోతుంటే ఎవరివో పక్కటెముకలు, ఎవరిదో విరిగిన చెయ్యి మెల్లగా నీళ్లలో కలిసిపోయేవి. "పాపం, బతికిండో లేడో," అనుకుంటూనే కడిగేవాడు. ఒక ఫిల్ము మీద వేళ్ల ఎముకల నీడ ఎంత కడిగినా పోలేదు. ఆ ముక్కను వాడలేదు, పారెయ్యనూ లేదు. ల్యాబు కిటికీకి అతికించి పెట్టాడు. సాయంత్రం ఎండ పడితే ఆ చెయ్యి నా టేబుల్ మీద పడేది.

మొదటి జత మా క్యాంటీన్లో బియ్యం ఏరే లచ్చవ్వకు. ఆమె కళ్లకు పెట్టి, సిరంజి ఆమె చేతికే ఇచ్చాడు. చాచా ఎప్పుడూ "కనపడ్తాందా" అని అడిగేవాడు కాదు. అట్లా అడిగితే మర్యాదకు అందరూ కనపడుతోందనే అంటారని ఆయన నమ్మకం. "ఏం కనపడ్తలేదు?" అని అడిగేవాడు.

లచ్చవ్వ చాటలోకి చాలాసేపు చూసి, "రాళ్లు కనపడ్తలేవు," అంది.

"జర నొక్కు."

నొక్కింది. ఇంకొంచెం నొక్కింది. ఆమె వేళ్లు చాటలోకి వెళ్లి ఒక రాయి తీశాయి, ఇంకోటి తీశాయి. తర్వాత మమ్మల్నిద్దరినీ మరిచిపోయి బియ్యమంతా ఏరింది. అప్పటి నుంచి మధ్యాహ్నం అన్నం వేళకు వెనక వరండాలో మనుషులు చేరేవాళ్లు. దర్జీలు, జంపఖానాలు నేసేవాళ్లు, పెద్ద వయసు టీచర్లు. జనమే వాటికి నీళ్లద్దాలని పేరు పెట్టారు. "నీళ్లు కాదు, గ్లిజరిన్," అని చాచా ప్రతివాళ్లకూ చెప్పేవాడు. ఎవరూ వినేవాళ్లు కాదు.

నేను ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాస్తూ వచ్చాను. ఎవరికి ఎంత ద్రవం పట్టింది, ఎన్ని నెలలు నిలిచింది. ఏదైనా సైన్సు పత్రికకు వ్యాసం పంపాలని నా ఆశ. పైన నా పేరు అచ్చులో ఎట్లా ఉంటుందో కూడా ఊహించుకున్నాను. అయితే దగ్గరి చూపుకు మామూలు భూతద్దం చాలు కదా అంటారేమోనని భయం. రోజురోజుకూ మారే చూపును ఈ అద్దాలు సరిచేశాయని చూపించగలిగితే ఎవరూ మాట్లాడలేరు. సరిగ్గా అట్లాంటి మనిషే వచ్చాడు.

తొర్రూరు లారీ డ్రైవరు సాయిలు. పత్తి బేళ్లు వరంగల్ మార్కెట్‌కు, ఒక్కోసారి హైదరాబాదుకూ తోలేవాడు. నలభై ఏళ్లుంటాయి. షుగరు. ఆ జబ్బు పెరిగీ తగ్గీ చేసేకొద్దీ అతని దూరపు చూపు కూడా మారిపోయేది. చొక్కా జేబులో రెండు జతల అద్దాలు పెట్టుకుని తిరిగేవాడు.

"గివి సోమారం మంచిగుంటయి, గివి శుక్రారం మంచిగుంటయి," అన్నాడు. "నడుమ దినాలు దేవుడే తోలుతాండు చాచా."

ముందు దవాఖానకు పోయి మందులు సరిగ్గా మింగమని చాచా గట్టిగా చెప్పాడు. మింగుతూనే ఉన్నానన్నాడు. బండి ఓనరు ఇంకొక్క సొట్ట పడితే రావద్దన్నాడట. బండి తప్ప తనకు వేరే పని రాదన్నాడు. ముఖం కిందికి దించుకుని చెప్పాడు.

అతని కోసం చాచా నెల రోజులు కష్టపడి కొత్త జత చేశాడు. వాటికి సిరంజి తీసెయ్యకుండా చెవి కాడకే బిగించి, చిన్న మరను అమర్చాడు. పొద్దున లేవగానే మర తిప్పుకుని ఆ రోజు చూపు ఆ రోజు కుదుర్చుకోవచ్చు. కుదిర్చే రోజు సాయిలును వరండా చివర నిలబెట్టి రోడ్డుకేసి చూడమన్నాడు. సాయిలు మెల్లగా మర తిప్పాడు. అతని నోరు కొంచెం తెరుచుకుంది.

"గా బస్సు మా ఊరి బస్సు," అన్నాడు. "బోర్డు మీద తొర్రూరని రాసుంది."

"ఏం కనపడ్తలేదు?"

"కండక్టరు మొకం కనపడ్తలేదు చాచా."

"అది నాకు గూడ కనపడ్తలేదు. ఇగ తిప్పుడు ఆపు."

సాయిలు నవ్వాడు. నవ్వుతూనే అద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. వెంటనే పట్టుకుపోతానంటే చాచా ఇవ్వలేదు. లారీలో ఇంజను పక్కనే సీటు. ఎండాకాలం ఆ వేడికి అతుకుల దగ్గర పోసిన లక్క మెత్తబడితే లోపలికి గాలి చొరబడొచ్చు. చొరబడితే లోపలికి కుంగిన రేకు మళ్లీ చదునైపోతుంది, చూపు చెదిరిపోతుంది. అందుకని వాటిని ఒక రోజంతా వేడినీళ్లలో పెట్టి చూడాలన్నాడు. ఆ పని నేను చేస్తానన్నాను.

వేసవి సెలవులు మొదలయ్యాయి. ల్యాబులో ఎవరూ లేరు. చాచా ఏదో పని మీద సాయంత్రం దాకా రానన్నాడు. తొట్టిలో నీళ్లు పోసి, హీటరు పెట్టి, థర్మామీటరు వేలాడదీసి, అద్దాలను ప్లాస్టిక్ సంచిలో చుట్టి ముంచాను. పది నుంచి అయిదు దాకా అనుకున్నాం. గంట గడిచింది. తీసి చూశాను, బుడగ లేదు. అప్పుడు మా చెల్లెలు వచ్చింది. మార్నింగ్ షోకు టికెట్లు దొరికాయంది. హీటరును అట్లా వదిలెయ్యకూడదు కాబట్టి దాన్ని ఆపేసి, అద్దాలు తుడిచి బీరువాలో పెట్టి వెళ్లిపోయాను.

తెల్లవారి చాచా అడిగాడు.

"రోజంతా పెట్టిన చాచా. ఏం కాలేదు."

"మంచిగున్నయా?"

"మంచిగున్నయి."

ఆయన కొంచెంసేపు నన్ను చూశాడు. కళ్లను కాదు, నన్ను. తర్వాత తల ఊపి అద్దాలు తీసుకున్నాడు.

మూడు వారాలకు, ఎండ బాగా ముదిరిన ఒక మధ్యాహ్నం, రఘునాథపల్లి దగ్గర హైదరాబాదు రోడ్డు మీద సాయిలు లారీ గొర్ల మందలోకి దూసుకుపోయింది. మందను రోడ్డు దాటిస్తున్న కొమురయ్య అనే కాపరి అక్కడికక్కడే పోయాడు. పేపర్లో నాలుగు లైన్లు వచ్చాయి. లారీ ఊరు తొర్రూరని చూసి, అది సాయిలుదేనేమోనని నాకు అనుమానం వచ్చింది. చాచాకు చూపించలేదు. ఆయన అప్పటికే చూశాడు.

సాయిలు బెయిలు మీద బయటికి వచ్చాక ఒక రోజు ల్యాబుకు వచ్చాడు. చాలా చిక్కిపోయాడు. రుమాలు విప్పి అద్దాలు బల్ల మీద పెట్టాడు. కుడి అద్దంలో పైన, పెసరగింజంత బుడగ.

"పోలీసులకు నీ మాట చెప్పలే చాచా," అన్నాడు. "బ్రేకు పడలేదన్న."

"గది గాదు సాయిలూ. నీకు కనపడ్డదా, లేదా?"

"ఎండ కండ్లల్ల కొట్టింది. కనపడ్డట్టే ఉండె. కనపడుతలేదని నాకు ఎరుకనే లేకుండె."

"బుడగ ఎప్పుడొచ్చింది?"

"తెల్వది. దెబ్బకు అద్దాలు ఎగిరి కింద పడ్డయి. అప్పుడొచ్చిందో, ముందే ఉన్నదో నాకు తెల్వది."

అంతే. అంతకుమించి ఎవరికీ ఎప్పటికీ ఏమీ తెలియలేదు. సాయిలు మళ్లీ లారీ ఎక్కలేదని విన్నాను. చాచా ఆ అద్దాలను తన బల్ల సొరుగులో పెట్టుకున్నాడు. పిల్లలు లేనప్పుడు తీసి వెలుతురుకు పట్టి చూసేవాడు. బుడగ ఎటు వంచితే అటు జరిగేది. ఆయన నన్ను ఆ పరీక్ష లెక్కలు అడగలేదు. లక్క గురించి అడగలేదు. అడిగితే చెప్పేద్దునేమో. అడగలేదు కదా అని నేనూ చెప్పలేదు.

కానీ ఒక ఆదివారం నేనొక్కదాన్నే ల్యాబు తెరిపించుకుని, ఆయన అదే లక్కతో మూసిన మరో రెండు అద్దాలను వేడినీళ్లలో పెట్టాను. ఈసారి కదలకుండా కూర్చున్నాను. ఒకటి సాయంత్రం దాకా నిలిచింది. రెండోదాంట్లో మధ్యాహ్నం రెండు దాటాక అంచు దగ్గర చిన్న బుడగ కనిపించింది. నేను సాయంత్రం హీటరు ఆపేసి, కిటికీ మీది ఆ వేళ్ల నీడ బల్ల మీదికి వచ్చేదాకా అట్లాగే ఉన్నాను. ఈ సంగతి ఆ నోటుబుక్కులో రాయలేదు. వ్యాసమూ పంపలేదు.

చాచా అద్దాలు చెయ్యడం మానలేదు. ఒక నియమం పెట్టుకున్నాడు. కూర్చుని చేసే పనికే ఇస్తాడు. సైకిలు తొక్కేవాళ్లు, రిక్షా లాగేవాళ్లు వస్తే, "నడిపేటోళ్లకు నావి పనికిరావు, డాక్టరు కాడికి పో," అని పంపేసేవాడు. ఆదివారాలు మాత్రం సంచి భుజాన వేసుకుని రఘునాథపల్లి బస్సు ఎక్కేవాడు. అక్కడ రోడ్డు పక్క అరుగు మీద కూర్చుంటే ముసలివాళ్లు వచ్చేవాళ్లు. వాళ్ల పని అయ్యాక కొమురయ్య ఇంటికి వెళ్లి, కొమురయ్య భార్య ఎల్లవ్వ గడపలో కూర్చునేవాడు. ఏం మాట్లాడేవాడని అడిగితే, "ఏం లేదు బిడ్డా, వాన పడ్డదా అని అడుగుత," అన్నాడు. ఆ ప్రమాదం తర్వాత ఆయన నన్ను మేడం అనడం మానేశాడు. ఎందుకో నేను అడగలేదు.

ఏడాది గడిచాక ఒక ఆదివారం తనతో రమ్మన్నాడు. వెళ్లాను.

ఎల్లవ్వకు యాభై ఉంటాయేమో. సన్నగా, పొడుగ్గా ఉంది. మిగిలిన గొర్లను అమ్మేసి, చిరిగిన గొంగళ్లు కుట్టి బతుకుతోంది. గొంగడిని చేతులు చాచి దూరంగా పట్టుకుని, వేళ్లతో తడిమి కుడుతోంది. చాచా సంచిలోంచి ఒక జత తీసి ఆమె కళ్లకు పెట్టాడు. సిరంజి చేతికిచ్చాడు.

"ఏం కనపడ్తలేదు చెల్లె?"

"దారం రెండు పోగులు కనపడ్తానయి. ఒక్కటే గావాలె."

నొక్కింది. ఆగింది. గొంగడిని ముఖానికి దగ్గరగా జరిపి చూసింది. తన చేతి వెనకవైపు తిప్పి చూసుకుంది. ఆమె ముఖంలోకి అప్పుడు వచ్చిన మార్పు నేను వరండాలో చాలామందిలో చూసిందే. చాచా ట్యూబు మడిచి కట్టలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"చెల్లె, నీకొక మాట చెప్పాలె. ఏడాది సంది చెప్దామనుకుంటాన."

"చెప్పన్నా."

"కొమురయ్యకు టక్కరిచ్చిన లారీవోడు గిసొంటి అద్దాలే పెట్టుకున్నడు. నేనే చేసిన. నేనే ఇచ్చిన. అండ్లకు గాలి చొచ్చింది. టక్కరైనంక చొచ్చిందో, ముందుగాలనే చొచ్చిందో నాకు తెల్వది. ముందుగాలనే అయితే తప్పు వానిది గాదు. నాది."

నేను ఆయన పక్కనే, ఒక మూర దూరంలో ఉన్నాను. ఆయన నాకేసి చూడలేదు. కనీసం తల కూడా నావైపు తిప్పలేదు. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను. నోటిదాకా వచ్చింది. ఎల్లవ్వ అద్దాల్లోంచి నావైపు చూసింది. ఆ అద్దాల వెనక ఆమె కళ్లు చాలా పెద్దవిగా కనిపించాయి. నేను నేలకేసి చూశాను.

ఎల్లవ్వ గొంగడి పక్కన పెట్టింది. తర్వాత అద్దాలు తీసి, కొంగుతో తుడిచి, చాచా చేతిలో పెట్టింది.

"అందుకేనా నువ్వు వస్తానవు?"

"అందుకే."

"వచ్చుడు బంజెయ్యకు," అంది. "గివి మాత్రం నాకొద్దు."

లేచి లోపలికి వెళ్లి రెండు గిలాసల్లో మజ్జిగ తెచ్చింది. ఒకటి ఆయనకు, ఒకటి నాకు. "తాగు బిడ్డా, ఎండల పడి వచ్చినవ్," అంది. నేను తాగాను. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ.

తిరుగు బస్సులో చాచా కిటికీ పక్కన కూర్చుని, "పానం జర అల్కగైంది బిడ్డా," అన్నాడు.

ఆ తర్వాత ఆయన రిటైరయ్యేదాకా, రిటైరయ్యాక కూడా, ఆదివారాలు తప్పలేదు. ఎల్లవ్వ ఆ అద్దాలు ఎన్నడూ పెట్టుకోలేదు. ఆయన వెళ్లి వానల సంగతి అడిగి, ఆమె సూదిలో దారం ఎక్కించి పెట్టి వచ్చేవాడు. వారానికి సరిపడా ఒకేసారి పది సూదులకు ఎక్కించేవాడట. నన్ను మళ్లీ రమ్మనలేదు. ల్యాబులో హీటరు పెట్టే ప్రయోగం ఉన్నప్పుడల్లా నేను ఏదో వంకతో బయటికి వెళ్లేదాన్ని. నీళ్లు కాగే ముందు వచ్చే ఆ సన్నటి చప్పుడు నాకు పడేది కాదు.

ఎనభైల నడుమ ఆయనకు ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. మట్టెవాడలో వాళ్లింటికి వెళ్లాను. మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. కోడలు చాయ్ ఇచ్చి లోపలికి వెళ్లింది. నేను ముందే అనుకుని వెళ్లినట్టు, కూర్చోగానే చెప్పేశాను.

"చాచా, ఆ రోజు నేను గంటసేపే పెట్టిన. సినిమాకు పోయిన."

ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదు.

"ఎరుకే బిడ్డా."

నాకు అర్థం కాలేదు.

"అయిదు గొట్టినంక తాళమెయ్యనీకి వచ్చిన. తొట్టిల చెయ్యి పెట్టిన. సల్లగున్నయి. పొద్దంత కాగిన నీళ్లు గంత సల్లగుండయి. నేనే పారబోసిన."

"మరి తెల్లారి నేను అబద్ధం చెప్తాంటే ఎందుకు ఊకున్నరు?"

దగ్గు వచ్చింది. దగ్గు తగ్గేదాకా ఆగాను.

"వాడు బస్సు బోర్డు చదివిండు గద," అన్నాడు చివరికి. "గంత మంచిగ ఇంకెవ్వరికీ కుదర్లే. ఇంకో దినం పెట్టి చూసి, ఖరాబైతే? నాకు చూడబుద్ధి కాలే. నువ్వు మంచిగున్నయన్నవు. నాకు గా మాటే కావాలె. నువ్వు అబద్ధం చెప్పినవ్, నేను నమ్మినట్టు చేసిన."

"ఎల్లవ్వకు చెప్పేటప్పుడు నా సంగతి ఎందుకు చెప్పలే?"

"నాది నేను చెప్పిన. నీది నేనెట్ల చెప్త బిడ్డా? నిన్ను తీస్కపోయింది అందుకే."

అప్పుడు ఆయన నా కళ్లలోకి చూశాడు. మొదటి రోజు చూసినట్టే, ముందు ఒకటి, తర్వాత ఒకటి. నేను ఏడుస్తున్నాను. ఆయన ఏడవద్దని చెప్పలేదు.

రెండు వారాలకు కబురు వచ్చింది. నేను వెళ్లేసరికి వాళ్ల ఇంటి ముందు సందులో జనం నిలబడి ఉన్నారు. ఎక్కువమంది నేతపనివాళ్లు, దర్జీలు. కొందరి ముఖాల మీద ఆ ఇత్తడి రింగుల అద్దాలు అట్లాగే ఉన్నాయి. పని మధ్యలో లేచి వచ్చి ఉంటారు. వాటితో దూరం కనిపించదు. ఆ మబ్బు అద్దాల్లోంచే వాళ్లు ఆయన్ని మోసుకుపోతున్న వైపు చూస్తూ నిలబడ్డారు.

తర్వాతి ఆదివారం రఘునాథపల్లిలో దిగాను. ఎల్లవ్వ గడపలోనే ఉంది. చూపు ఇంకా తగ్గింది. గొంతు విన్నాక గుర్తుపట్టింది.

"మూడు వారాలాయె, అన్న రాకపాయె. పానం బాగలేదేమొ అనుకుంటాన."

చెప్పాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రోడ్డుకేసి చూస్తూ కూర్చుంది. ఆమె పక్కన గోడకు గుడ్డముక్క వేలాడుతోంది. దానికి గుచ్చిన సూదుల్లో రెండింటికి మాత్రమే ఇంకా దారం ఉంది. నేను ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని, నాది చెప్పాను. తొట్టి, హీటరు, గంట, సినిమా, తెల్లవారి చెప్పిన అబద్ధం. ఏదీ వదల్లేదు.

ఆమె గుడ్డముక్క మీది సూదులను వేళ్లతో తడిమింది.

"నువ్వు పొద్దంత పెట్టి చూసుంటే మా ఆయన బతుకునా?"

"తెల్వదవ్వా."

"తెల్వదా."

"తెల్వది."

తిడుతుందనుకున్నాను. లోపలికి పోయి తలుపు వేసుకుంటుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు. గొంగడి ఒళ్లోకి లాక్కుని చిరుగు ఎక్కడుందో వేళ్లతో వెతుక్కుంది. బస్సు హారను వినిపిస్తే నేను లేచాను.

"మల్ల వస్తవా?" అని అడిగింది, తల ఎత్తకుండానే.

వస్తానని చెప్పాను.

ఆ తర్వాత హైదరాబాదు పోతూ వస్తూ ఆ ఊరి మీదుగా ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. బస్సు అక్కడ ఆగేది. మనుషులు దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు. నేను ఎప్పుడూ దిగలేదు.